పోలీసు మోటారు సైకిళ్లకూ రోడ్డు నియమాలు వర్తింపజేయండి: గోదావరి డెల్టా జిల్లాల పోలీసు అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా పోలీసు సూపరింటెండెంట్లకు, సబ్ డివిజన్ అధికారులకు, స్టేషన్ హౌస్ ఆఫీసర్లకు నమస్కరించి రాయునది.

2022 జూలైలో గోదావరికి వరద వచ్చినప్పుడు లంక గ్రామాల వాళ్లను పడవలెక్కించి ఏటిగట్టుకు చేర్చిన వారిలో మీ సిబ్బంది ఉన్నారు. ఆ సంగతి మేము మరచిపోలేదు. ఈ లేఖలో మీ శాఖ మీద ద్వేషం లేదు. మీ శాఖ నుంచి మాకు రావలసిన ఒక సమాధానం ఇంతవరకు రాలేదన్న బాధ మాత్రం ఉంది.

విషయం ఇది. కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల రోడ్ల మీద మోటారు సైకిళ్లపై తిరిగే పోలీసు సిబ్బందిలో కొందరు హెల్మెట్ లేకుండా, ఒకే బండి మీద ముగ్గురు కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, ఎదురు దారిలో వెళ్తున్నారు. సిగ్నల్ ఉన్న కూడళ్లలో ఎర్ర దీపం వెలుగుతుండగానే దాటిపోతున్నారు. దొంగను వెంటాడుతూనో, ప్రమాద స్థలానికి పరుగెడుతూనో ఇలా చేస్తే ఎవరూ ప్రశ్నించరు. కానీ పొద్దున్నే స్టేషన్లో రోల్ కాల్‌కు వెళ్లేటప్పుడు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లేటప్పుడు, సాయంత్రం బజారులో కూరగాయలు కొనేటప్పుడు కూడా ఇదే తీరు. అదే కూడలిలో, అదే గంటలో, హెల్మెట్ లేని పాల వ్యాపారిని ఆపి ఫోటో తీసి చలానా రాస్తున్నారు. ఈ విషయం మీద సంబంధిత కార్యాలయంలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాను. కొంతకాలానికి నా ఫోనుకు, సదరు సిబ్బంది విధి నిర్వహణలో ఉన్నారనీ, అర్జీ పరిష్కరించబడిందనీ ఒక సందేశం వచ్చింది. ఏ విధి, ఏ అత్యవసరం అని అడుగుతూ మళ్లీ రాశాను. దానికి జవాబు లేదు. అందువల్ల ఇప్పుడు అందరికీ తెలిసేలా రాయవలసి వచ్చింది.

ముందుగా చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం, నాలుగేళ్లు దాటిన ఎవరైనా సరే, బండి నడుపుతున్నా వెనుక కూర్చున్నా, ప్రమాణాలకు తగిన హెల్మెట్ పెట్టుకోవాలి. ఆ సెక్షన్ పేరెత్తి మినహాయించింది తలపాగా ధరించిన సిక్కులను. పోలీసుల ప్రస్తావన అందులో లేదు. 128వ సెక్షన్ ప్రకారం మోటారు సైకిల్ నడిపేవారు వెనుక ఒక్కరినే ఎక్కించుకోవాలి. ఈ రెండింటిలో దేన్ని ఉల్లంఘించినా 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత ఉంటుందని 194సీ, 194డీ సెక్షన్లు చెబుతున్నాయి. ఎర్ర దీపం దాటడం, చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడుతూ నడపడం, ఎదురు దారిలో నడపడం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా లెక్కకు వస్తాయి. ఇక 2019 సవరణలో పార్లమెంటు చేర్చిన 210బీ సెక్షన్ ఉంది. ఈ చట్టాన్ని అమలు చేసే అధికారం ఉన్నవారే దాన్ని ఉల్లంఘిస్తే, ఆ నేరానికి ఇతరులకు పడే జరిమానాకు రెట్టింపు చెల్లించాలని అది స్పష్టంగా శాసించింది. చట్టం చేసినవారు పోలీసులకు సడలింపు ఇవ్వకపోగా, వారి మీద ఎక్కువ బాధ్యత పెట్టారు. ఈ సెక్షన్ కింద మన మూడు జిల్లాల్లో ఎంతమందికి జరిమానా పడిందో ప్రజలకు ఎప్పుడూ చెప్పలేదు.

అత్యవసరానికి వెసులుబాటు ఉండాలని నేనూ ఒప్పుకుంటాను. డ్రైవింగ్ మీద 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు అగ్నిమాపక వాహనాలకు, అంబులెన్సులకు, పోలీసు సేవా వాహనాలకు అత్యవసర వేళల్లో ముందుగా వెళ్లే హక్కు కల్పించాయి. అయితే ఆ హక్కు సైరన్ మోగిస్తూ, దీపం వెలిగించుకుని, ఇతరుల ప్రాణాల పట్ల జాగ్రత్తతో వెళ్లే వాహనానికి ఉద్దేశించినది. సైరన్ లేని సొంత బండి మీద కూర్చున్నవారికి, ఒంటి మీద ఖాకీ ఉన్నంత మాత్రాన అది వర్తించదు.

ఈ చర్చ నగరాల్లో ఒక రకంగా ఉండవచ్చు. మా డెల్టాలో దీని తీవ్రత వేరు. ధవళేశ్వరం ఆనకట్ట కింద అల్లుకున్న కాలువల గట్లే మాకు చాలా చోట్ల రోడ్లయ్యాయి. ఒక పక్క పంట కాలువ, మరో పక్క పల్లంలో చేను లేదా మురుగు కాలువ. మధ్యలో లారీ ఎదురైతే సైకిల్ మీద వెళ్లేవారు దిగి నిలబడాల్సినంత ఇరుకు దారి. గట్టు అంచున రక్షణ గోడ లేని చోట్లు ఎన్నో. రబీ మాసూళ్ల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. భీమవరం, ఆకివీడు వైపు చేపల, రొయ్యల బండ్ల నుంచి కారిన నీళ్లకు తారు రోడ్డు జారుతూ ఉంటుంది. సంక్రాంతి ముందు మంచు పట్టిన తెల్లవారుజామున పది గజాల దూరంలో ఉన్న మనిషి కనిపించడు. 216వ నంబరు జాతీయ రహదారి మా ఊళ్ల మధ్య నుంచి పోతున్నందున, దూరప్రాంతపు లారీలూ బడికి పోయే పిల్లల సైకిళ్లూ ఒకే దారి పంచుకోవలసి వస్తోంది. ఇటువంటి చోట ఒక్క మోటారు సైకిల్ ఎదురు దారిలో వచ్చినా పక్కకు తప్పుకునే చోటు ఉండదు. తప్పుకోబోతే కాలువలో పడాలి.

మా ఊరికి దగ్గరలో, ఒక కాలువ వంతెన మలుపులో ఇలాగే జరిగింది. కొబ్బరి వలుపు పని చేసుకునే ఒకాయన తెల్లవారకముందే సైకిల్ మీద పనికి వెళ్తున్నారు. ఆయన తన ఎడమ పక్కనే వెళ్తున్నారు. ఎదురుగా, వంతెన దిగుతూ, తనకు చెందని పక్కన ఒక పోలీసు మోటారు సైకిల్ వచ్చింది. సైరన్ లేదు. నడుపుతున్న కానిస్టేబుల్ గారికి హెల్మెట్ లేదు. ఇద్దరూ పడ్డారు. వలుపు కార్మికుడికి తుంటి ఎముక విరిగింది. కానిస్టేబుల్ గారి తలకు గాయమైంది. ఒకటి ఇక్కడ చెప్పి తీరాలి. తన తల నుంచి రక్తం కారుతున్నా, ఆ కానిస్టేబుల్ గారు ఆటో ఆపి మొదట ఆయననే ఆసుపత్రికి చేర్చారు. ఆ మంచితనాన్ని ఊరంతా చూసింది. తర్వాత జరిగినది మాత్రం ఆ మంచితనానికి తగినట్టు లేదు. కేసు కట్టలేదు. పెద్దమనుషుల్లో మాట్లాడుకుని రాజీ చేసుకోమన్నారు. ఆసుపత్రి ఖర్చులకు ఎంతో కొంత ముట్టింది కానీ, చెట్టు కింద గునపం మీద కాయ వలిచే పని ఆయన మళ్లీ చేయలేకపోయారు. ఆయన భార్య ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తున్నారు.

ఈ ఒక్క ఘటనతోనే నేను మొత్తం శాఖను తూచడం లేదు. కానీ నియమం ఒకరికి ఒకలా, మరొకరికి ఇంకోలా అమలైతే మామూలు జనం మీద పడే భారం ఎలా ఉంటుందో కింద రాస్తున్నాను.

1. దెబ్బ తిన్నవారికి పరిహారం దారి మూసుకుపోతుంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ఎఫ్‌ఐఆర్, స్థల పంచనామా వంటి కాగితాలన్నీ పోలీసుల దగ్గర నుంచే రావాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో దర్యాప్తు అధికారి ట్రిబ్యునల్‌కు మొదటి ప్రమాద నివేదిక పంపాలి. ఢీకొట్టిన బండి పోలీసు బండి అయినప్పుడు, ఆ కాగితాలు తయారు చేయవలసినది అదే స్టేషన్లో, పక్క బల్ల దగ్గర కూర్చునే తోటి ఉద్యోగి. తోటివాడి మీద రాయడం ఆయనకూ కష్టమే. పైగా ప్రభుత్వ వాహనానికి బీమా తప్పనిసరి కాదని 146వ సెక్షన్ చెబుతుంది. అంటే బండికి బీమా లేకపోతే, పరిహారం నేరుగా ప్రభుత్వం నుంచే రాబట్టుకోవాలి. రోజు కూలి మీద బతికే కుటుంబం ఆ పోరాటం ఎన్నేళ్లు చేయగలదు? రాజీ అన్నది వాళ్లకు ఇష్టమై ఒప్పుకున్నది కాదు, వేరే దారి లేక తలవంచినది.

2. పిల్లలకు చెప్పడానికి మా దగ్గర మాట ఉండటం లేదు. నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. రోడ్డు భద్రతా మాసంలో మీ శాఖ వాళ్లే బడికి వచ్చి పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించేవారు. బడి గేటు దగ్గర అదే బండి హెల్మెట్ లేకుండా బయలుదేరడం పదో తరగతి పిల్లలు చూసేవారు. మరునాడు తరగతిలో అడిగేవారు. నేను ఏదో సర్దిచెప్పేవాణ్ణి, వాళ్లు నమ్మేవారు కాదు. ఆ వయసు పిల్లలు పాఠం కంటే పెద్దవాళ్ల నడతను ఎక్కువగా నేర్చుకుంటారు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. హెల్మెట్ పెట్టుకోనివారు 50,029 మంది. ఈ అంకెలను నల్లబల్ల మీద రాసి చూపించడం నాకు తెలుసు. వాటిని పిల్లలు నమ్మి పాటించేలా చేయడం మీ బండ్ల మీద కనిపించే హెల్మెట్ వల్లనే అవుతుంది.

3. చలానా మీద గౌరవం పోతుంది. 1,000 రూపాయలు కట్టిన కూలి మనిషికి అది రెండు రోజుల కష్టం. తప్పు చేశానని ఒప్పుకుని కట్టడం వేరు, బలవంతుడు వసూలు చేశాడని అనుకుంటూ కట్టడం వేరు. హెల్మెట్ నియమాన్ని గట్టిగా అమలు చేయాలని 2024లో రాష్ట్ర హైకోర్టు కూడా ఆదేశించింది. ఆ ఆదేశం జనం మనసుకు ఎక్కాలంటే అమలు చేసేవారి తల మీద హెల్మెట్ ఉండాలి.

4. ‘పోలీస్’ అన్న స్టిక్కర్ పాసుగా మారుతోంది. సిబ్బంది సొంత బండ్ల మీద, నంబరు ప్లేటు పక్కన ఎర్ర నీలం రంగుల్లో ఆ మాట రాయించుకుంటున్నారు. ఆ బండిని ఆదివారం నాడు వాళ్ల అబ్బాయి నడుపుతాడు, బామ్మర్ది నడుపుతాడు. చెక్‌పోస్టు దగ్గర ఎవరూ ఆపరు. పోలీసులతో ఏ సంబంధమూ లేనివారు కూడా అదే స్టిక్కర్ అంటించుకుంటే గుర్తుపట్టే మార్గం లేదు. రాత్రి పూట ఏటిగట్టు మీద ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లను అటువంటి బండి ఆపితే, ఆగాలో ఆగకూడదో వాళ్లకు ఎలా తెలుస్తుంది?

5. నిజమైన అత్యవసరానికే నష్టం. మామూలు వేళల్లో కూడా పోలీసు బండి ఎదురు దారిలోనే వస్తుంటే, నిజంగా ప్రాణం మీదికి వచ్చి పరుగెడుతున్న బండికి కూడా జనం దారి ఇవ్వరు.

6. అన్నిటికంటే ముందు చెప్పదగినది మీ సిబ్బంది ప్రాణం. రాత్రి గస్తీ చేసి, నిద్ర లేక, తెల్లవారుజామున గట్టు మీద ఇంటికి పోయే కానిస్టేబుల్ గారికి, హోంగార్డు గారికి, తారు రోడ్డు వేరే లెక్క చూపదు. వాళ్ల ఇంట్లో కూడా ఎదురు చూసే భార్యాబిడ్డలు, ముసలి తల్లిదండ్రులు ఉన్నారు. నేను చదువు చెప్పిన పిల్లల్లో ఇప్పుడు కానిస్టేబుళ్లుగా పనిచేస్తున్నవారు ఉన్నారు. వాళ్లు నిండు నూరేళ్లూ బతకాలన్నది ఈ లేఖ రాయడానికి నాకున్న కారణాల్లో చిన్నదేమీ కాదు.

కానిస్టేబుల్ పని ఎంత కష్టమో మాకు తెలుసు. సమన్లు, వారంట్లు పట్టుకుని ఊరూరూ తిరగాలి. అంతర్వేది కల్యాణానికీ, జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ, శనివారం శనివారం వాడపల్లి వెంకన్న గుడికీ బందోబస్తుకు నిలబడాలి. చాలాసార్లు సొంత బండి, సొంత పెట్రోలు. పిలుపు వస్తే నిమిషంలో బయలుదేరాలి. ఇన్ని ఒత్తిళ్లలో హెల్మెట్ ఎక్కడ పెట్టుకుంటామని ఒక కానిస్టేబుల్ గారు నాతోనే అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది, కానీ ఆ వాదన నిలవదు. వేగంగా పోవలసి వచ్చేవాడికే హెల్మెట్ అవసరం ఎక్కువ. దాన్ని పెట్టుకోవడానికి పట్టే కాలం వల్ల తప్పించుకుపోయే దొంగ ఎవరూ లేడు. ఇక ఎదురు దారి, ఎర్ర దీపం విషయంలో, అత్యవసరం ఉన్నప్పుడు సైరన్ మోగించి వెళ్లమనే మేము కోరుతున్నాము. ఆ సైరన్, దీపం బండికి అమర్చి ఇవ్వవలసినది శాఖ. లోపం అక్కడ ఉంటే కిందివారిని నిందించి లాభం లేదు.

కనుక ఈ కింది కోర్కెలను తమ ముందు ఉంచుతున్నాను.

1. యూనిఫారంలో ఉన్నా మఫ్టీలో ఉన్నా, శాఖ బండి అయినా సొంత బండి అయినా, నడిపేవారూ వెనుక కూర్చున్నవారూ హెల్మెట్ పెట్టుకోవాలని, బండి మీద ఇద్దరికి మించకూడదని రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. స్టేషన్ గేటు దాటే ముందే దాన్ని చూసుకునే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్ మీద పెట్టండి. హెల్మెట్లు శాఖే కొని ఇవ్వాలి. హోంగార్డులకు తప్పకుండా ఇవ్వాలి.

2. సిగ్నల్ దాటడానికి గానీ ఎదురు దారిలో వెళ్లడానికి గానీ కారణమైన ప్రతి అత్యవసరం కంట్రోల్ రూము రికార్డులోనో స్టేషన్ జనరల్ డైరీలోనో నమోదు కావాలి. ప్రశ్న వచ్చినప్పుడు ఆ నమోదు చూపగలిగితేనే మినహాయింపు. ‘విధి నిర్వహణలో ఉన్నారు’ అన్న ఒక్క వాక్యం ఇకపై జవాబుగా చెల్లకూడదు.

3. 210బీ సెక్షన్‌ను అమలు చేసి, స్టేషన్ల వారీగా ఎన్ని రెట్టింపు జరిమానాలు పడ్డాయో నెలనెలా ప్రకటించండి. పేర్లు మాకు అవసరం లేదు. ఎవరినీ నలుగురిలో తలదించుకునేలా చేయాలన్న కోరిక మాకు లేదు.

4. పౌరులు ఫోటోతో, చోటు, సమయంతో ఫిర్యాదు పంపడానికి ఒక వాట్సాప్ నంబరు ఇవ్వండి. కెమెరాకు చిక్కిన ఉల్లంఘనకు 15 రోజుల్లో నోటీసు పంపాలని కేంద్ర నిబంధనలు మా విషయంలో చెబుతున్నాయి. మా ఫిర్యాదుకు కూడా అదే 15 రోజుల గడువు పెట్టండి. ఫిర్యాదు చేసినవారిని స్టేషన్‌కు పిలిపించడం, ఊళ్లో వాకబు చేయడం ఉండకూడదు. ఈ భయం వల్లనే చాలామంది చూసి కూడా ఊరుకుంటున్నారు.

5. పోలీసు వాహనం వల్ల ఎవరైనా గాయపడితే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరిగా కట్టాలి, దర్యాప్తు మరో సబ్ డివిజన్ అధికారికి అప్పగించాలి, 48 గంటల నివేదిక ట్రిబ్యునల్‌కు చేరిందని బాధితులకు రాతపూర్వకంగా తెలపాలి. పైన చెప్పిన వలుపు కార్మికుడి వంటి పాత ఘటనలను కూడా తిరిగి పరిశీలించాలి. నా కోర్కెల్లో ఒక్కదాన్నే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను.

6. సొంత బండ్ల మీది ‘పోలీస్’ స్టిక్కర్లను ముందుగా మీ స్టేషన్ల ఆవరణల్లోనే తీయించండి. తర్వాత రోడ్డు మీద ఎవరి బండికి ఉన్నా తీయించండి.

7. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఇతర జిల్లాల నుంచి పెద్ద సంఖ్యలో సిబ్బంది మా రోడ్ల మీదికి వస్తారు. వారికి మా గట్లు, మలుపులు, ఇరుకు వంతెనలు కొత్త. కాబట్టి ఈ ఉత్తర్వులు అంతకు చాలా ముందే అమల్లోకి వచ్చి, వచ్చేవారందరికీ చేరాలి.

ఈ లేఖ ప్రతులను మూడు జిల్లాల రోడ్డు భద్రతా కమిటీలకు అధ్యక్షులైన కలెక్టర్లకు కూడా పంపుతున్నాను. తదుపరి కమిటీ సమావేశపు అజెండాలో ఈ అంశాన్ని చేర్చి, తీసుకున్న నిర్ణయాన్ని తెలుగులో ప్రతి పోలీసు స్టేషన్ నోటీసు బోర్డు మీద ఉంచవలసిందిగా కోరుతున్నాను. ఏదైనా కోర్కె నెరవేర్చడం సాధ్యం కాకపోతే, ఎందుకు కాదో కారణంతో సహా నాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
కోనసీమ.